టీవీ పోటీ నుంచి బయటికొచ్చిన కంట్రీ గాయని: వెంటనే ఆల్బమా, నాష్‌విల్‌లో పాటలు రాయడమా? ఏది మేలు?

అమెరికాలో పేరున్న టీవీ పాటల పోటీ అమెరికన్ ఐడల్‌లో ఆరో స్థానం దాకా వచ్చి ఎలిమినేట్ అయిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పాడేది కంట్రీ, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం. ఇరవై ఏళ్లుంటాయి. అమెరికా దక్షిణాదిన, కరోలినాలో ఎక్కడో చిన్న ఊరు. ఊళ్లో బ్యానర్లు కట్టారు, ఫోన్ ఆగకుండా మోగుతోంది. రెండు వారాల క్రితం ఆమె గిటార్ పట్టుకుని పాడితే లక్షల మంది చూశారు. ఇంకో మూడు నెలలకు వీళ్లలో ఎంతమందికి ఆమె పేరు గుర్తుంటుందో చెప్పలేం. ఇలాంటి సమయంలో చెవిలో వినిపించే సలహాలు రెండు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో, వెంటనే ఆల్బం చెయ్యి అనేది ఒకటి. టీవీని మర్చిపో, కంట్రీ సంగీతానికి రాజధానిలాంటి నాష్‌విల్ వెళ్లి కొన్నేళ్లు పాటలు రాయడం నేర్చుకో అనేది రెండోది.

మనవాళ్లకు ఈ సందిగ్ధం కొంచెం కొత్తగా అనిపించవచ్చు. పాడుతా తీయగా చూస్తూ పెరిగిన మనకు తెలిసిన దారి వేరు. పోటీలో మెరిసిన గొంతు ఒక సంగీత దర్శకుడి చెవిన పడితే చాలు. పాట రాసేవారు, బాణీ కట్టేవారు, తెర మీద పెదవులు కదిపేవారు వేరే ఉంటారు. కంట్రీ సంగీతంలో ఈ ప్లేబ్యాక్ అనే గొడుగు లేదు. పాటలోని కథ పాడే మనిషి సొంత కథలా వినిపించాలి. పోటీలో ఎక్కువగా పాడేది ఇతరుల హిట్లే కాబట్టి, బయటికొచ్చేసరికి చేతిలో గొంతు ఉంటుంది కానీ పాట ఉండదు. అసలు చిక్కంతా అక్కడే.

వెంటనే ఆల్బం అనే దారికి అందరూ చూపించే పేరు క్యారీ అండర్‌వుడ్. ఓక్లహామాలోని చెకోటా ఊరి అమ్మాయి 2005 మేలో ఐడల్ గెలిచింది, అదే నవంబరులో మొదటి ఆల్బం వచ్చింది. అమెరికాలోనే 70 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. కానీ ఆమె విజేత. ఆమెను నిలబెట్టకపోతే కార్యక్రమం పరువే పోతుంది కనుక మంచి పాటలన్నీ ముందు ఆమె దగ్గరికే వచ్చాయి. మన అమ్మాయికి సరైన పోలిక కెల్లీ పిక్లర్. 2006లో ఆమెది కూడా ఆరో స్థానమే. అదే ఏడాది వచ్చిన ఆల్బం కంట్రీ ఆల్బముల పట్టికలో నేరుగా మొదటి స్థానంలోకి వెళ్లింది. ఐడల్ చూసినవాళ్లు కొన్నారు మరి. అయితే రేడియోలో ఆమె పాట ఒక్కటి కూడా మొదటి స్థానానికి చేరలేదు. మంచి పేరు, మంచి జీవితం దక్కాయి, కాదనను. 2013లో టీవీ డాన్స్ పోటీ కూడా గెలిచింది. కానీ టీవీ తెచ్చిన అభిమానం ఆల్బం కొనిపిస్తుందే గానీ రేడియోలో పాటను మోయదని ఆమె కథ చూస్తే తెలుస్తుంది.

గెలిచినవాళ్లకైనా ఈ దారి నున్నగా ఉందా అంటే, స్కాటీ మెక్రీరీని చూడండి. నార్త్ కరోలినాలోని గార్నర్ కుర్రాడు, 2011లో పదిహేడేళ్లకే ఐడల్ విజేత. ఆ అక్టోబరులో వచ్చిన మొదటి ఆల్బం కంట్రీనే కాదు, అన్ని రకాల సంగీతం కలిపి లెక్కేసే బిల్‌బోర్డ్ 200 ఆల్బముల పట్టికలోనే మొదటి స్థానంలో దిగింది. ఐదేళ్లు తిరగకుండానే, 2016లో, లేబుల్ (ఆల్బములు తీసే రికార్డు కంపెనీ) అతన్ని వదిలేసింది. అప్పటికి అతని దగ్గర ఒక పాట ఉంది. తాతయ్య పోయిన తర్వాత ఇద్దరు రచయితలతో కలిసి రాసుకున్నది, 'ఫైవ్ మోర్ మినిట్స్'. వెనక లేబుల్ లేకుండానే ఆ పాట రేడియో పట్టికలోకి ఎక్కింది. తర్వాత ఓ చిన్న లేబుల్ చేయి కలిపింది. 2018 ఫిబ్రవరిలో అది మొదటి స్థానానికి చేరింది, అతనికి అదే తొలి నంబర్ వన్. టీవీలో గెలిచిన ఏడేళ్లకు! అంటే ఆల్బం దారిలో పరిగెత్తినవాడు కూడా చివరికి రెండో దారిలోకే వచ్చి నిలదొక్కుకున్నాడు.

ఇక్కడ రేడియో సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కంట్రీలో రేడియో పెత్తనం ఇంకా పోలేదు. కొత్త గాయని నెలల తరబడి ఊరూరా తిరిగి, స్టేషన్లలో ప్రోగ్రామ్ డైరెక్టర్ల ముందు గిటార్ పట్టుకుని పాడి పరిచయం చేసుకోవాలి. దీన్నే రేడియో టూర్ అంటారు. ఆ ఖర్చు పెట్టేది లేబుల్, తర్వాత లెక్క కట్టేదీ లేబులే. ఒక పాట పట్టికలో పైకి పాకడానికి ఏడాది పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఏడాది పూర్తయ్యేలోపు ఐడల్‌లో ఇంకో విజేత వచ్చేస్తాడు. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు: అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే రాయల్టీ వెళ్లేది రాసినవారికీ, పాట హక్కులు చూసుకునే ప్రచురణకర్తకీ మాత్రమే. కేవలం పాడినవారికి ఒక్క పైసా రాదు. నాకు రెండో దారి వైపు మొగ్గు కలగడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

రెండో దారి ఎలా ఉంటుందంటే, నాష్‌విల్‌లో మ్యూజిక్ రో అనే పేట ఉంది. అక్కడి ఆఫీసు గదుల్లో పొద్దున పదింటికో పదకొండింటికో ఇద్దరు ముగ్గురు కూర్చుని కాఫీ తాగుతూ పాట రాస్తారు. సాయంత్రానికి పాట పూర్తి, హక్కులు సమానంగా పంచుకుంటారు. దీన్ని కో-రైటింగ్ అంటారు. పనితనం నచ్చితే పబ్లిషింగ్ కంపెనీ నెలనెలా కొంత డబ్బు ఇస్తుంది. జీతం కాదు, రాబోయే రాయల్టీలో కోసుకునే అడ్వాన్సు. రాత్రిళ్లు బ్లూబర్డ్ కెఫేలాంటి చోట పాడటం. తొంభై కుర్చీలున్న చిన్న హోటల్ అది, మాట్లాడితే చుట్టుపక్కల వాళ్లు ఉష్ అంటారు.

కేసీ మస్‌గ్రేవ్స్ నడిచింది ఈ దారిలోనే. 2007లో నాష్‌విల్ స్టార్ అనే టీవీ పోటీలో ఆమెది ఏడో స్థానం. వెంటనే పెద్ద ఆల్బం ఏమీ రాలేదు. కూర్చుని పాటలు రాసింది, ఇతరులకు కూడా ఇచ్చింది. ఆమె ఒక చెయ్యి వేసిన పాటను మిరాండా లాంబర్ట్ పాడింది. తమాషా ఏమిటంటే, మిరాండా కూడా అదే పోటీలో 2003లో మూడో స్థానంతో బయటికొచ్చిన మనిషే. కేసీ సొంత ఆల్బం పెద్ద లేబుల్ మీద వచ్చింది 2013లో. 2019లో ఆమె తర్వాతి ఆల్బముకు గ్రామీల్లో ఆల్బం ఆఫ్ ద ఇయర్. పోటీకీ పెద్ద ఆల్బముకీ మధ్య ఆరేళ్లు. ఆ ఆరేళ్లను బయటివాళ్లు ఖాళీ అనుకుంటారు, కానీ ఆమె ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తేల్చుకున్నది అప్పుడే.

పోటీలో వచ్చిన స్థానమే అంతా కాదనడానికి ఇంకో ఉదాహరణ మోర్గన్ వాలెన్. 2014లో ద వాయిస్ అనే మరో టీవీ పాటల పోటీ నుంచి ఫైనల్ దగ్గరికి కూడా రాకుండా వెళ్లిపోయాడు. ఆ సీజన్ గెలిచింది ఎవరని అడిగితే కంట్రీ అభిమానులు తల గోక్కుంటారు. 2021లో వాలెన్ ఆల్బం పది వారాలు బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానంలో ఉంది.

అయితే నెమ్మది దారి చవకైనది కాదు. నాష్‌విల్ అద్దెలు తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. టీవీలో పది లక్షల మంది చూసిన మనిషి, టిప్పుల కోసం నాష్‌విల్ బ్రాడ్‌వే వీధి బార్లలో ఇతరుల పాటలే మళ్లీ పాడాల్సి వస్తే మనసు ఒప్పుకోదు. పైగా పేరు వచ్చిన ఎంతోమంది వెనక, రాసి రాసి ఊరికి తిరిగెళ్లిన వాళ్లు ఇంకెంతోమంది ఉంటారు, వాళ్ల కథలు మనదాకా రావు. కాబట్టి రాయడం బొత్తిగా ఇష్టంలేని గాయనికి ఈ దారి చెప్పను. ఆమె గొంతును నమ్ముకుని మొదటి దారిలోనే వెళ్లాలి, అమ్ముడుపోయే పాటను ఎంచుకునే చెవి ఉన్న నిర్మాతను మాత్రం పట్టుకోవాలి.

తొందరపడటం ఎప్పుడు సరైనదో కూడా ఒక ఉదాహరణ ఉంది. గాబీ బారెట్‌ది 2018 ఐడల్‌లో మూడో స్థానం. 2019 మొదట్లో, లేబుల్ లేకుండా, తాను కలిసి రాసిన పాట ఒకటి సొంతంగా విడుదల చేసింది. అది వినే పెద్ద లేబుల్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో రేడియోలో నంబర్ వన్. ఆమె పరుగెత్తింది నిజమే, కానీ పాట చేతిలో పట్టుకుని పరుగెత్తింది. 2021 విజేత చేస్ బెకమ్ కూడా తన సొంత పాటనే పోటీలో పాడాడు. అదే పాట రేడియోలో పైకి చేరింది 2024లో.

మూడో దారి కూడా ఒకటుంది, టెక్సస్ లాంటి చోట. అక్కడ డాన్స్ హాళ్లు, సొంత రేడియో పట్టికలు ఉన్నాయి. నాష్‌విల్ గడప తొక్కకుండానే బండి నడుస్తుంది. కరోలినా అమ్మాయికి అది అంతగా పనికిరాదు, వదిలేద్దాం.

మరి ఆరో స్థానం అమ్మాయికి నేనేం చెబుతానంటే: ఈ వేసవిలో కౌంటీ ఫెయిర్లు (మన జాతరల్లాంటివి) పిలిచినన్ని ఒప్పుకో. టీవీ పేరు మీద డబ్బొచ్చే కాలం అదే, ఆ డబ్బుతో ఆల్బం చెయ్యకు. కాంట్రాక్టు ఎవరిచ్చినా సంతకం పెట్టేముందు వకీలుకు చూపించు. కచేరీల ఆదాయంలో కూడా లేబుల్ వాటా అడిగే కాయితాలు ఇప్పుడు మామూలయ్యాయి. సెప్టెంబరులో నాష్‌విల్‌లో ఇంకొకరితో కలిసి అద్దెకు గది తీసుకో. వారానికి మూడు పాటలు రాయి. ఏడాదికి నూటయాభై అవుతాయి. అందులో పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి, లేబుల్ మనిషి ఫోన్ చేస్తే వినిపించేది వాటినే.