ఎండకు కమిలిన ముఖానికి నిమ్మరసం మేలా, పెరుగు మేలా?

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగిసిందంటే చాలు, తిరుపతిలో తెలిసినవారి ఇళ్ల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. బైరాగి వేషానికి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం పూసుకుని, 40 డిగ్రీలు దాటిన ఎండలో వీధులు తిరిగి మొక్కు తీర్చుకున్న పిల్లలూ పెద్దలూ ఆ పూతలు కడిగేసుకుని అద్దం చూసుకుంటే ముఖమూ మెడా కమిలి కనిపిస్తాయి. ఇంట్లో ఒకరు నిమ్మరసం రాయమంటారు, మరొకరు పెరుగు పట్టించమంటారు. ఏది మేలని ఈ ఏడాది కూడా చాలామంది అడిగారు కనుక నా అభిప్రాయాన్ని కారణాలతో సహా రాస్తున్నాను.

పుట్టుకతో వచ్చిన రంగును వంటింటి సరుకేదీ మార్చదు, మార్చవలసిన అవసరమూ లేదు. ఎండకు కమిలిన చర్మం తన సహజమైన రంగుకు తిరిగి రావడం గురించే ఈ చర్చ. చర్మపు పైపొర రాలి కొత్త పొర రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా మళ్లీ ఎండ తగలకుండా చూసుకుంటే ఆ నలుపు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. అందుచేత ఆ నాలుగు వారాల్లో చర్మానికి కొత్త హాని చేయకుండా ఏది ఊరటనిస్తుందో చూసి ఎంచుకోవాలని నేనంటాను.

రెండూ పుల్లనివే కదా, ఏదైనా ఒకటే కదా అని అనుకునేవారు ఉన్నారు. పులుపులో తేడా చాలా ఉంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో నిమ్మరసం 2 నుంచి 2.5 మధ్య ఉంటే, పెరుగు 4 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ లెక్కలో ఒక్కో అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, నిమ్మరసం పెరుగు కంటే సుమారు వంద రెట్లు ఆమ్లగుణం కలది. మన చర్మం పైభాగం 5కు అటూఇటూగా ఉంటుంది. పెరుగు దానికి దగ్గరగా ఉంది, నిమ్మరసం చాలా దూరంగా ఉంది.

నిమ్మరసం వైపు వాదించేవారు ముందుగా చెప్పేది విటమిన్ సి గురించి. ఆ విటమిన్ చర్మానికి మేలు చేస్తుందన్నది నిజమే. కాకపోతే మందుల దుకాణాల్లో దొరికే, ముఖానికి రాసుకునే విటమిన్ సి సీరమ్‌లలో అది సాధారణంగా 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. 100 గ్రాముల నిమ్మరసంలో ఉండేది 30 నుంచి 50 మిల్లీగ్రాములు మాత్రమే, అంటే ఒక శాతంలో ఇరవయ్యో వంతుకు మించదు. అంత కొద్దిపాటి విటమిన్ కోసం అంత పులుపును ముఖం మీద భరించడంలో అర్థం లేదు. తాగితే ఒంటికి పట్టే విటమిన్‌ను తాగడమే సరైన పద్ధతి.

పులుపు కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా వాటి తొక్కలోని నూనెలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మకణాలను దెబ్బతీస్తాయి. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తరువాత ఎర్రబడి మంట పుడుతుంది, కొందరికి బొబ్బలు లేస్తాయి, అవి మానాక ముదురు గోధుమరంగు మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలల పాటు నిలిచిపోతాయి. వైద్యులు దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. విదేశీ చిట్కాల్లో కనిపించే పెద్ద పసుపుపచ్చని లెమన్ కంటే, మన సంతలో దొరికే సన్నతొక్క నిమ్మకాయ జాతి ఈ విషయంలో మరింత పేరుపడినది. మన ఇళ్లలో రసం పిండేసిన నిమ్మచెక్కను పారేయకుండా, దాని మీద కాస్త పంచదార చల్లి మోచేతులకూ మెడకూ ముఖానికీ రుద్దుకునే అలవాటు ఉంది. తొక్కలోని నూనె నేరుగా చర్మంలోకి వెళ్లేది ఆ పద్ధతిలోనే కనుక అన్నింటిలోకీ అదే ప్రమాదకరమైనది.

బస్టాండు దగ్గర నిమ్మసోడా బండి నడిపే ఒక పెద్దాయన చేతిని ఒకసారి దగ్గరగా చూశాను. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీదా, వేళ్ల వెనుకవైపునా, రసం కారిన దారి వెంటే గీతలు గీతలుగా నల్లని మచ్చలు ఉన్నాయి. ఎడమచేతికి అటువంటివి లేవు. రోజంతా ఎండలో నిలబడి కాయలు పిండేవారికి ఇవి రావడం కొత్త విషయం కాదు. ఆయన అవి సోడాసీసాల రాపిడి వల్ల వచ్చాయనే అనుకుంటున్నారు. అదే రసాన్ని నలుపు పోవడానికని ముఖానికి పూసుకుని, మరునాడు ఉదయం స్కూటరు మీద అలిపిరి దాకా వెళ్లివచ్చే ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి.

నాకు నిర్ణయాత్మకంగా తోచేది మన చర్మపు స్వభావం. గోధుమరంగు, చామనఛాయ చర్మం ఎక్కడ మండినా, గీరుకున్నా, పొక్కినా, మానిన తరువాత ఆ చోట ముదురు మచ్చ మిగులుతుంది. దోమ కుట్టిన చోట గోకితే మిగిలే మచ్చ కూడా ఆ కోవలోనిదే. కాబట్టి ముఖాన్ని మండించే వైద్యం ఏదైనా సరే, ఏ నలుపును పోగొట్టుకోవాలని మొదలుపెట్టామో దాన్నే మరికాస్త తెచ్చిపెట్టే అవకాశం ఉంది. చురుక్కుమంటే మందు పనిచేస్తోందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ముఖం విషయంలో ఆ నమ్మకాన్ని వదులుకోవాలి.

ఇక పెరుగు. దీనికి పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం ఇందులో సుమారు ఒక శాతం, అంతకంటే తక్కువే. పొడిబారిన చర్మానికి వైద్యులు రాసిచ్చే క్రీములలో అదే ఆమ్లం 5 నుంచి 12 శాతం దాకా ఉంటుంది కనుక, పెరుగు అద్భుతాలు చేస్తుందని నేను చెప్పను. అది చేసే పని చిన్నది: చల్లదనం ఇస్తుంది, అందులోని తేమా వెన్నా పొడిబారిన పైపొరను మెత్తబరుస్తాయి, మంట పుట్టదు. ఎండ దెబ్బ తిన్న ముఖానికి మొదటి వారంలో కావలసింది అంతకు మించి లేదు.

చిత్తూరు ప్రాంతంలో పాడి సమృద్ధిగా ఉండడం వల్ల మంచి పెరుగుకు కొరత లేదు. గేదెపాల పెరుగులో వెన్న ఎక్కువ, కాబట్టి పొడిచర్మానికి అది బాగుంటుంది. జిడ్డు ముఖం, మొటిమలు ఉన్నవారు మీగడ తీసిన ఆవుపాల పెరుగు వాడుకోవాలి. ఉదయం తోడుకున్న తాజా పెరుగే ముఖానికి పనికివస్తుంది, రెండు రోజులు నిలవ ఉండి పులిసినది పనికిరాదు. రెండు చెంచాల పెరుగును పలుచని గుడ్డలో వేసి పావుగంట వేలాడదీస్తే నీరు దిగిపోయి, ముఖం మీద కారకుండా నిలుస్తుంది. సాయంత్రం ఇల్లు చేరాక చన్నీళ్లతో ముఖం కడుక్కుని, కళ్ల చుట్టూ వదిలి, రుద్దకుండా పూయాలి. పది నిమిషాల్లో అంచులు ఆరి చర్మం బిగిసినట్టు అనిపించడం మొదలవుతుంది. పూర్తిగా ఆరనివ్వకుండా అప్పుడే కడిగేయాలి. కడగడానికి సబ్బు వాడితే ప్రయోజనం పోతుంది, ఎందుకంటే మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉండి చర్మాన్ని మళ్లీ పొడిబారుస్తుంది. జిడ్డుగా అనిపిస్తే మెత్తగా జల్లించిన పెసరపిండి చిటికెడు చాలు. వారానికి రెండు మూడుసార్లకు మించి అవసరం లేదు.

పాలు పడక దద్దుర్లు వచ్చేవారు, గీతలూ పుండ్లూ ఉన్నవారు పెరుగుకు కూడా దూరంగా ఉండాలి. మొదటిసారి వాడేవారు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూసుకోవడం మంచిది. పెరుగులో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే రెండింటి మేలూ వస్తుందని అడిగేవారికి నా సమాధానం వద్దనే. పులుపు తగ్గినా, ఎండతో కలిసి మచ్చలు తెచ్చే పదార్థం అందులో ఉండనే ఉంటుంది. నిమ్మకాయకు వంటింట్లో చోటు చాలా ఉంది. చేపలు కడిగిన చేతుల నీచువాసనను అది చక్కగా పోగొడుతుంది, ఎందుకంటే ఆ వాసన తెచ్చే క్షారపదార్థాలను పులుపు విరిచేస్తుంది. ఆ తరువాత చేతులు సబ్బుతో బాగా కడుక్కుని ఎండలోకి వెళ్లాలి.

మిగతా వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. మదనపల్లె టమాటా గుజ్జు పుల్లనిదే అయినా నిమ్మంత కాదు, పడినవారు వాడుకోవచ్చు, ప్రత్యేకమైన లాభమేమీ ఆశించకూడదు. శనగపిండి జిడ్డును తీస్తుంది, కమిలిన వారంలో మాత్రం వద్దు. వంటసోడా ముఖానికి ఎప్పుడూ పనికిరాదు. తేనె మంచిదే.

ఇప్పటికే నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లి, ముఖం ఎర్రబడి మండుతున్నవారు దాని మీద పెరుగు గానీ మరొకటి గానీ పూయకూడదు. చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని నూలుగుడ్డను కాసేపు వేసుకుని, కొన్ని రోజులు ఎండకు పూర్తిగా దూరంగా ఉండాలి. బొబ్బలు లేస్తే వాటిని చిదమకుండా రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలోనో, దగ్గరలోని చర్మవైద్యుల వద్దనో చూపించుకుని, నిమ్మరసం రాసుకున్న సంగతిని దాచకుండా చెప్పాలి.