నెల్లూరు నుంచి విమానానికి వెళ్తున్నారా? టికెట్ మీద ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి

దగదర్తి విమానాశ్రయం వచ్చేదాకా నెల్లూరు వాళ్లకు విమానమంటే చెన్నై, కాకుంటే రేణిగుంట. ఒంగోలు వాళ్లకు గన్నవరం. విమానం రద్దయితే చెన్నైలో ఉండేవాళ్లు ఇంటికి పోయి పడుకుంటారు. మనకు ఆ కబురు సూళ్లూరుపేట దాటాక తెలుస్తుంది. ఒక్కోసారి కౌంటరు దగ్గరికి పోయేదాకా తెలియదు. దీనికి కారణం చాలాసార్లు విమాన సంస్థ కూడా కాదు, టికెట్ తీసిన నెట్ సెంటరే.

ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు బస్టాండు పక్కనో టికెట్ చేయిస్తే ప్రయాణికుడి నంబరు వేయాల్సిన చోట సెంటరు వాళ్లు తమ నంబరు, తమ మెయిల్ వేస్తారు. ఓటీపీ తమ ఫోనుకే వస్తే పని సులువు. రద్దు మెసేజి కూడా ఆ ఫోనుకే పోతుంది. రాత్రి పదింటికి షట్టరు దించేశాక దాన్ని చూసేదెవరు?

విమానయానాన్ని అదుపు చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ. దాని నిబంధన ప్రకారం రద్దు సంగతి రెండు వారాల ముందే చెప్పాలి. చెప్పి, వేరే విమానమో డబ్బు వాపసో మీరు కోరినట్టు ఇవ్వాలి. రెండు వారాల లోపు, 24 గంటల ముందు దాకా చెబితే అసలు సమయానికి రెండు గంటల తేడాలో బయల్దేరే విమానం చూపాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. అదీ చేయకపోతే వాపసుతో పాటు పరిహారం కట్టాలి. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల దాకా 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు. అదే నిబంధనలో ఇంకో వాక్యం ఉంది: బుకింగ్ అప్పుడు సరైన ఫోన్, మెయిల్ వివరాలు ఇవ్వని వాళ్లకు పరిహారం లేదు. సెంటరు వాళ్ల నంబరు ఉంటే సంస్థ చూపేది ఆ వాక్యమే. అందుకే డబ్బులిచ్చే ముందు ఓటీపీ మీ ఫోనుకే రప్పించుకోండి, మొహమాటం వద్దు.

పైన చెప్పిన అంకెలు పూర్తిగా చేతికొస్తాయనీ అనుకోవద్దు. ఆ మొత్తం, లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఉదాహరణకు చెన్నై–హైదరాబాద్ టికెట్టులో మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి 3,800 అయితే పరిహారం 3,800, 7,500 కాదు. తుపాను, రాజకీయ గొడవల వంటివి కారణమైతే అదీ లేదు. డిసెంబరులో చెన్నై మీదుగా పోయేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

కాబట్టి టికెట్టులో ఛార్జీల విడివిడి లెక్క చదవడం తప్పనిసరి. మూల ఛార్జీ, ఇంధనం, విమానాశ్రయ అభివృద్ధి రుసుము, భద్రతా రుసుము, ఎకానమీకి 5 శాతం జీఎస్టీ ఉంటాయి. చివరి పేజీలో సీటు, భోజనం, బీమా, తలకింత అని కన్వీనియన్స్ ఫీజు వచ్చి చేరతాయి. సీటు, భోజనం లాంటి అదనపు సేవలు ప్రయాణికుడు కావాలని ఎంచుకుంటేనే వేయాలన్నది నియమం. ముందే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి గానీ తండ్రి గానీ పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ చెప్పింది. పిల్ల ఏడుస్తుందన్న భయంతో సీట్లు కొనక్కర్లేదు. కౌంటరులో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు విడిగా డబ్బు అడగకూడదని 2022 జులైలోనే కేంద్రం స్పష్టం చేసింది.

టికెట్ ధరను ప్రభుత్వం మామూలుగా నిర్ణయించదు. 2025 డిసెంబరులో వందల విమానాలు రద్దై ధరలు ఆకాశానికి పోయినప్పుడు మాత్రం తాత్కాలికంగా గరిష్ఠ ధరలు పెట్టింది: 500 కిలోమీటర్ల దాకా 7,500, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆపైన 18,000. అవి కూడా పన్నులు, రుసుములు కలపని అంకెలే. టీవీలో 18,000 అని విని ఢిల్లీ టికెట్‌కు అంతకన్నా ఎక్కువ కట్టినవాళ్లకు కోపం రావడం న్యాయమే. చివరికి కట్టే మొత్తాన్నే మొదట చూపించాలి. అమెరికాలో 2012 జనవరి నుంచి ప్రకటనలో తప్పనిసరి పన్నులన్నీ కలిపిన ధరే చూపాలి. మన దగ్గరా అదే రావాలి.

ఆలస్యాల విషయంలో గడియారం దగ్గర పెట్టుకోండి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం అయితే, రెండున్నర నుంచి అయిదు గంటల ప్రయాణానికి మూడు గంటలు ఆలస్యమైతే తిండి, తాగేవి ఉచితం. హైదరాబాద్ పోయేవాళ్లు రెండు గంటలకే అడగొచ్చు, చెన్నై నుంచి ఢిల్లీ పోయేవాళ్లు మూడు దాకా ఆగాలి. షుగరు ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ గంట తేడా చాలా పెద్దది, అలకలన్నీ అక్కడే మొదలవుతాయి. ఇంటి నుంచి పెరుగన్నం తీసుకెళ్లడమే మేలు. 24 గంటలు దాటిన ఆలస్యానికి హోటల్ గది ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా ఇవ్వాలి. నోటితో చెబితే కుర్చీలు చూపిస్తారు. కౌంటరులో రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి.

నెల్లూరు నుంచి రేణిగుంట దగ్గర, రద్దీ లేదు, పెద్దవాళ్లకు నడక తక్కువ. కానీ విమానాలు తక్కువ కనుక ఒకటి పోతే రెండోది దొరకడం కష్టం. తప్పిపోకూడని పని ఉంటే చెన్నైయే నయం. రైల్లో సెంట్రల్‌కు దిగి మెట్రో ఎక్కితే విమానాశ్రయం దాకా ఆటో బేరం లేదు. తెల్లవారుజాము విమానమైతే రాత్రే తిరుశూలం, పల్లావరం వైపు గది తీసుకోవాలి. ఫోనులో చెప్పిన అద్దె జీఎస్టీతో కలిపా, విడిగానా అని ముందే తేల్చుకోండి.

వాపసు దగ్గర రెండు మాటలు. క్రెడిట్ కార్డుతో నేరుగా కొంటే ఏడు రోజుల్లో రావాలి. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగిచ్చే బాధ్యత సంస్థదే, ఏజెంటు సంస్థ తరఫు మనిషి కనుక. టికెట్ మీరే రద్దు చేసుకుంటే సంస్థ కోసుకునే రద్దు ఛార్జీ, మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన దానికి మించకూడదు. నాన్ రిఫండబుల్ అన్న టికెట్టుకైనా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాల్సిందే. ఇది చాలామంది వదిలేసుకునే డబ్బు.

సంస్థ పలకకపోతే కేంద్ర విమానయాన శాఖ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి, తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే చెన్నైకో ఢిల్లీకో పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. టికెట్ విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కారు అద్దె, టోల్ రసీదులు, లాడ్జి బిల్లు జతచేయండి. డీజీసీఏ పట్టికలో ఆ ఖర్చులకు చోటు లేదు, కమిషన్ దగ్గర అడగొచ్చు.