ఆడవాళ్లకి మొదటి మంచి వాచీ: మూడు రకాలు ఏళ్లపాటు వాడాక

చిన్న మణికట్టు కాబట్టి చిన్న ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ ఎక్కే వాచీ) తీసుకోవాలన్న లెక్క పనికిరాదు. 26 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఆటోమేటిక్, 31 మిల్లీమీటర్ల ఆటోమేటిక్, తోలు పట్టీతో దీర్ఘచతురస్రపు క్వార్ట్జ్ (సెల్లుతో నడిచేది): మూడూ ఏళ్ల తరబడి చేతికి ఉన్నాక చెబుతున్న మాట ఇది. మొదటిసారి పెద్ద మొత్తం పెట్టేవాళ్లు 31 ఆటోమేటిక్ తీసుకోవచ్చు, లేదంటే క్వార్ట్జ్. 26 ముచ్చటగా ఉంటుంది గానీ దాంతో రోజూ వేగాలి.

కారణం వాచీ కేసు లోపల ఉంది. మామూలు సైజు వాచీల్లో వేసే ఈటీఏ (స్విస్ మెషీన్ల కంపెనీ) 2892 మెషీను వ్యాసం 25.6 మి.మీ. బుల్లి వాచీల్లో పెట్టే ఈటీఏ 2671 వ్యాసం 17.2 మి.మీ. మాత్రమే. అటూఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం చిన్నదయ్యేకొద్దీ కుదుపులకి నడక తొందరగా మారుతుంది. కీ ఎక్కేకొద్దీ బిగుసుకునే మెయిన్‌స్ప్రింగు ఉండే డబ్బా ఇరుకు కాబట్టి కీ నిల్వ (తీసి పక్కన పెట్టాక నడిచే సమయం) దాదాపు 38 గంటలే. చేతి కదలికకి తిరిగి కీ ఇచ్చే రోటర్ తేలిక, అందుకే రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల చేతి కదలికకి పూర్తిగా కీ ఎక్కదు. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే ఆదివారం మధ్యాహ్నంలోపే ఆగిపోతుంది. సోమవారం పొద్దున హడావిడిలో టైమూ తేదీ మళ్లీ పెట్టుకోవాలి. క్రోనోమీటర్ (టైము కచ్చితత్వం) పరీక్షలో కూడా ఈ తేడా కనిపిస్తుంది: పెద్ద మెషీన్లు రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి మించి పోకూడదు. 20 మి.మీ., అంతకన్నా చిన్నవాటికి మాత్రం 5 సెకన్లు వెనక్కి, 8 ముందుకి దాకా ఒప్పుకుంటారు.

1929లో వచ్చిన జేగర్ లెకూల్త్రే 101 మెషీను బరువు గ్రాము దరిదాపుల్లో ఉంటుంది. 1953లో పట్టాభిషేకం నాడు ఎలిజబెత్ రాణి చేతికున్న వాచీలో ఉన్నది అదే. పట్టాభిషేకానికి సరే, రోజూ ఆఫీసుకి వేరే లెక్క. అదే 31 మి.మీ. దగ్గరికొస్తే మెషీనుకి చోటు దొరుకుతుంది. రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచువల్ 31కి నిల్వ దాదాపు 55 గంటలు, నీళ్ల తట్టుదల 100 మీటర్లు.

31 అంటే పెద్దదైపోతుందేమో అనుకునేవాళ్లు వ్యాసం వదిలేసి, పై కొమ్ముల (పట్టీ తగిలించే కాళ్ల) చివర నుంచి కింది కొమ్ముల చివరి దాకా ఉన్న పొడవు చూడాలి. మణికట్టు చుట్టుకొలత కన్నా దాని మీద బల్లపరుపుగా ఉన్న భాగం వెడల్పే ముఖ్యం. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, కొమ్ములు ఆ వెడల్పు దాటి గాల్లో నిలబడకూడదు. మందం 10 మి.మీ. దాటితే చొక్కా చేతికి అడ్డుపడుతుంది, తలుపు గడియలకి తగులుతుంది.

కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది, కొన్నాక రోజూ విసిగించేది చైను బకిల్. ఎండకీ సాయంత్రానికీ మణికట్టు కొంచెం ఉబ్బుతుంది. రెండు వైపులకీ తెరుచుకునే సీతాకోకచిలుక బకిల్ అందంగా కనబడుతుంది గానీ చాలావాటిలో సర్దుబాటు ఉండదు. ఒక లింకు తీస్తే బిగుతు, పెడితే వదులు. సగం లింకు ఇస్తున్నారా, బకిల్‌లో నాలుగైదు మిల్లీమీటర్లు జరుపుకునే వీలుందా అని ముందే అడగండి. పెట్టుకున్నాక బకిల్ కింద చిటికెన వేలి కొన దూరాలి, చెయ్యి దించితే వాచీ మణికట్టు ఎముక దాటి జారకూడదు. లింకులు రెండు వైపులా సమంగా తీయించాలి, లేకపోతే బకిల్ ఒక పక్కకి పోతుంది. తీసిన లింకులు అడిగి మరీ ఇంటికి తెచ్చుకోండి.

తోలు పట్టీకి ముందుగా పగిలేది రోజూ వాడే చిల్లు దగ్గరి మడత. చెమట పట్టే చేతికి ఏడాది వస్తే గొప్పే. రోజు విడిచి రోజు పెడితే ఆరి ఎక్కువ కాలం మన్నుతుంది. కొమ్ముల మధ్య వెడల్పు 14, 16, 18 మి.మీ. అయితే పట్టీలు ఎక్కడైనా దొరుకుతాయి. 13, 15 లాంటివీ, మధ్యలో గాడి ఉన్నవీ అయితే కంపెనీ దగ్గరికే పోవాలి.

క్వార్ట్జ్‌ని చిన్నచూపు చూడకండి. సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం ముందు ఏ స్ప్రింగు వాచీ కూడా టైములో నిలవదు. సెల్లు మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. అయిపోవస్తుంటే సెకన్ల ముల్లు నాలుగేసి సెకన్లకోసారి దూకే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. కానీ ఆడవాళ్ల క్వార్ట్జ్‌లు ఎన్నో రెండు ముళ్లతోనే వస్తాయి, అంటే హెచ్చరిక ఉండదు. ఆగిన వాచీని అలాగే బీరువాలో పడేస్తే సెల్లు కారి సర్క్యూట్ తినేస్తుంది. సెల్లు మార్చిన ప్రతిసారీ గ్యాస్కెట్ (నీళ్లు ఆపే రబ్బరు రింగు) చూపించి, ప్రెషర్ పరీక్ష చేయించాలి. డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులకి పరవాలేదనే అర్థం. వేడినీళ్ల ఆవిరికి 100 మీటర్ల వాచీనైనా దూరంగా ఉంచండి.

ఆటోమేటిక్ ఉన్నట్టుండి రోజుకి నాలుగైదు నిమిషాలు ముందుకి పరుగెత్తిందంటే ముందు అనుమానించాల్సింది హ్యాండ్‌బ్యాగు బకిల్‌లోని అయస్కాంతాన్ని, ఫోను కవరుని. అయస్కాంతం వల్ల బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దాని పొడవు తగ్గినట్టయి వాచీ వేగం పెరుగుతుంది. అయస్కాంతం తీసే పరికరంతో నిమిషంలో పోతుంది. దీనికి పూర్తి సర్వీసింగ్ అక్కర్లేదు.

మోహ్స్ గట్టితనం స్కేలులో సఫైర్ అద్దానిది 9, వజ్రానిది 10. వాచీ లేని చేతి ఉంగరంలో వజ్రం ఉన్నా అద్దం మీద గీత పడగలదు. బంగారు పూత మొదట అరిగేది బకిల్ అంచుల్లో, కొమ్ముల మూలల్లో. అద్దం చుట్టూ రాళ్లు పొదిగినవి మొదటి వాచీగా నాకు నచ్చవు, సందుల్లో మురికి చేరుతుంది, కొక్కేలకి దారాలు చిక్కుకుంటాయి.

గోళ్లు పెంచేవాళ్లు షాపులోనే క్రౌన్ (పక్కనుండే కీ బుడిపె) విప్పి, లాగి, తేదీ మార్చి, మళ్లీ బిగించి చూడాలి. 26లో ఆ బుడిపె వేళ్లకి అందదు. మరలు ఉన్నదైతే అడ్డంగా ఎక్కి మర పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. ముందు ఒకసారి వెనక్కి తిప్పి, మర కూర్చున్నట్టు తగిలాక ముందుకి బిగిస్తే ఆ బాధ ఉండదు. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా మాత్రం తేదీ జోలికి పోకండి, ఆ వేళకి తేదీ పళ్లచక్రాలు కలిసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది.