టీవీఎస్ ఎక్స్‌ఎల్: ఒక్క గేరు బండి ఎందుకు లాగదు?

పాల క్యాన్లు, గడ్డిమోపు, చేపల బుట్ట, యూరియా బస్తా... ఏది వేసినా కాదనని బండి ఎక్స్‌ఎల్. 1980లో హోసూరులో టీవీఎస్ 50తో మొదలైన ఈ మోపెడ్ల వరసలో ఇప్పుడు మన ఊళ్లలో తిరిగేవి ముఖ్యంగా రెండు. ఒకటి 69.9 సీసీ టూ స్ట్రోక్ ఎక్స్‌ఎల్ సూపర్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేది. రెండోది 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100, 99.7 సీసీ ఫోర్ స్ట్రోక్. ఈ రెండింటినీ ఇక్కడ ఒకే కోణంలో చూస్తున్నాం: లాగుడు. ఈ బండి కొనేదే బరువు లాగడానికి కాబట్టి, పికప్ తగ్గితే మిగతా సుగుణాలు ఎన్ని ఉన్నా లెక్కకు రావు.

ఎక్స్‌ఎల్ 100 ఇచ్చేది 4.3 హార్స్ పవర్. గట్టిగా లాగే బలం, అంటే 6.5 న్యూటన్ మీటర్ల టార్క్, 3,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది. అందుకే బరువుతో కదిలేటప్పుడు ముక్కదు. ఉన్నది ఒక్కటే గేరు. బైకు అయితే ఇంజన్ నీరసపడినప్పుడు గేరు దించి నెట్టుకొస్తాం, ఆ లోపం చాన్నాళ్లు బయటపడదు. ఎక్స్‌ఎల్‌లో ఆ వెసులుబాటు లేదు. చక్రంలో గాలి కొంచెం తగ్గినా, బ్రేకు కాస్త పట్టినా, ఫిల్టర్‌లో దుమ్ము చేరినా వెంటనే తెలిసిపోతుంది. ఇది లోపం కాదు, బండి తనకేమైందో దాచుకోదు. బాధల్లా ఏమిటంటే, "లాగట్లేదు" అనగానే కొన్ని షెడ్లలో నేరుగా బోర్, అంటే ఇంజన్ సిలిండర్, విప్పేస్తారు. ఆ ఖర్చు చాలాసార్లు అనవసరం.

అసలు ముందు చూడాల్సింది బరువు. ఎక్స్‌ఎల్ 100కు కంపెనీ చెప్పిన మోత 130 కిలోలు, అందులో నడిపే మనిషి కూడా కలిపే. ఇరువైపులా 40 లీటర్ల క్యాన్లు కడితే పాలే 82 కిలోలు, 65 కిలోల మనిషి కూర్చుంటే 147. క్యాన్ల బరువు ఇంకా కలపనే లేదు. చదును రోడ్డు మీద బండి ఓపిగ్గా మోస్తుంది కానీ వంతెన ఎక్కేటప్పుడు మూలిగితే అది రోగం కాదు. పాడేరు ఘాట్ లాంటి దారిలో నిండు లోడుతో రోజూ తిరగాలనుకునే వాళ్లకు ఈ బండి సరిపోదు, గేర్ల బండే చూసుకోవాలి.

లోడు లేకుండా కూడా లాగట్లేదంటే ఒక్క సంగతి చెవితో తేల్చుకోవాలి. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ శబ్దం పెరుగుతోందా, పెరగడం లేదా? శబ్దం గట్టిగా పెరిగి బండి మాత్రం నింపాదిగా వస్తుంటే క్లచ్ జారుతోంది. శబ్దమే పెరగకపోతే ఇంజన్‌కు పెట్రోలో గాలో నిప్పో సరిగా అందడం లేదు, లేదా పొగ బయటికి పోవడం లేదు, లేదంటే చక్రాన్ని ఏదో పట్టుకుంది.

చక్రంతో మొదలుపెట్టండి, దీనికి పైసా ఖర్చు లేదు. సెంటర్ స్టాండు వేసి రెండు చక్రాలూ చేత్తో తిప్పండి. వెనక చక్రం గొలుసుతో కలిసి తిరుగుతుంది కాబట్టి కొంచెం బిగువుగా ఉండడం మామూలే, కానీ గరగరా రాచుకుంటూ ఒక్క చుట్టుకే ఆగిపోకూడదు. ఇంకో పరీక్ష: బ్రేకు వాడకుండా రెండు కిలోమీటర్లు నడిపి, ఆపి, బ్రేక్ డ్రమ్ముకు అరచెయ్యి దగ్గరగా పెట్టండి. సెగ కొడుతుంటే బ్రేక్ షూలు వదలడం లేదన్నమాట. దమ్ము చేసిన పొలాల్లో తిరిగే బండ్లకు బురదనీళ్లు పోయి బ్రేకు క్యామ్ (షూలను విడదీసే ఇరుసు) తుప్పు పడుతుంది, లివర్ వదిలినా వెనక్కి రాదు. క్యామ్ తీసి తుప్పు గీకి పల్చగా గ్రీజు రాస్తే చాలు, గ్రీజు షూలకు మాత్రం అంటకూడదు. గొలుసు మరీ బిగిస్తే అదీ బరువే. మధ్యలో వేలితో కదిపితే రెండు సెంటీమీటర్లకు అటూఇటూ ఆడాలి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మూసుకుపోతుంది. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి మళ్లీ గట్టిగా పిండి బిగించాలి. కాగితపు రకమైతే కడగకూడదు, దులిపి చూసి నల్లబడితే మార్చేయాలి. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ వచ్చినట్టే ఉంటుంది, కానీ ఆ దుమ్ము నేరుగా బోర్‌లోకి పోయి పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. ఫిల్టర్ విప్పినప్పుడే ఇంకోటి చూడండి. ఇంజన్ ఆపి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి కార్బరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) నోట్లోకి చూస్తే లోపలి స్లైడ్ పూర్తిగా పైకి లేచి కనబడకుండా పోవాలి. సగం అడ్డంగా ఉంటే కేబుల్ సాగింది. ఆ బండికి కార్బరేటర్ ఎంత కడిగినా స్పీడు రాదు.

రెండు మూడు కిలోమీటర్లు బాగా వెళ్లి తర్వాత నీరసించి ఆగిపోయే బండికి ట్యాంకు మూత తీసి చూడండి. "స్‌స్" మని గాలి లోపలికి పోయి బండి మళ్లీ బాగా నడిస్తే మూతలోని సన్నటి గాలి రంధ్రం పూడింది. సూదితో పొడిస్తే పని అయిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగున విడిగా పేరుకుంటాయి. వానాకాలంలో కార్బరేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు గాజు గ్లాసులోకి వంచి కాసేపు ఉంచితే అడుగున ఆ పొర తేటగా కనబడుతుంది. అలా ఉంటే కార్బరేటర్ ఒక్కటే కాదు, ట్యాంకు కూడా ఖాళీ చేసి కడగాలి. కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని, అంటే మెయిన్ జెట్‌ను గాలితోనే ఊదాలి, తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగడం మొదలెడుతుంది.

ఎక్స్‌ఎల్ సూపర్ అయితే అనుమానం ముందు సైలెన్సర్ మీదికే పోవాలి. టూ స్ట్రోక్‌లో కాలని ఆయిల్ మసిగా మారి సైలెన్సర్ లోపలి గొట్టం చిల్లుల్లోనూ, సిలిండర్ పొగ దారిలోనూ (దీన్నే పోర్ట్ అంటారు) గట్టి బొగ్గులా పేరుకుంటుంది. పొగ బయటికి పోకపోతే కొత్త పెట్రోలు లోపలికి రాదు. బండి స్టార్టవుతుంది, నిలకడగానే తిరుగుతుంది, కానీ ఒక వేగం దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. సైలెన్సర్ విప్పి వేలు పెట్టి చూస్తే పోర్ట్ అంచున మినపగింజ మందాన నల్లటి పెచ్చు తగులుతుంది. పిస్టన్‌ను పైకి తెచ్చి పోర్ట్ మూసుకున్నాక చెక్కపుల్లతో గీకాలి. స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్ మీద గీత పడుతుంది, ఆ గీత పూడదు. సైలెన్సర్‌ను మంటలో వేసి కాల్చడం పాత అలవాటు, కానీ రేకు పలచనై అతుకులు ఊడతాయి. కాస్టిక్ సోడా నీళ్లు పోసి రాత్రంతా ఉంచడం మేలు. నీళ్లలో సోడా వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు, చేతికి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. అది అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి సిలిండర్‌కు వాడొద్దు.

ఆ బొగ్గు అంత త్వరగా రావడానికి కారణం ఆయిల్ కొలత. లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. ఇంజన్‌కు మంచిదని రెట్టింపు పోస్తే మసి, పొగ, తడిసిన ప్లగ్గే మిగులుతాయి. కొలత సరిగ్గా ఉన్నా తెల్లపొగ కమ్మేస్తూ గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) దగ్గర క్లచ్ వైపు ఆయిల్ సీల్ పోయింది. ప్లగ్ ఎన్నిసార్లు మార్చినా ఆ జబ్బు తగ్గదు.

ఎక్స్‌ఎల్ 100కు ఈ బొగ్గు బెడద లేదు, దీని గొప్ప అదే. అయితే సూపర్ నుంచి దీనికి మారిన వాళ్లు కొందరు అలవాటు కొద్దీ పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) కలుపుతారు. అది ప్లగ్గునూ సైలెన్సర్‌నూ పాడుచేస్తుంది. దీని క్లచ్ ఆయిల్‌లో మునిగి పనిచేసేది, కాబట్టి కారు ఆయిల్ పోస్తే జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ (ఇలాంటి తడి క్లచ్‌కు సరిపోతుందనే గుర్తు) అని ఉన్నదే పోయాలి. వేడెక్కాక నీరసపడి, చల్లారాక మామూలైతే ట్యాపెట్లు (వాల్వుల సందు సరిచేసే మరలు) బిగుసుకున్నాయేమో చల్లటి ఇంజన్ మీద చూపించాలి. సిలిండర్ రెక్కల మధ్య ఎండిన బురద కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. 2020 నుంచి వచ్చే, పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా చిమ్మే ఇంజెక్షన్ మోడల్‌కు కార్బరేటర్ లేదు. అందులో ఇంజన్ లైటు వెలిగితే స్క్రూలు తిప్పకుండా స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

బోర్ విప్పే మాట ఆఖరున. కిక్ కొడితే ఎదురు లేకుండా చేతికి వదులుగా దిగిపోతుంటే, 100లో ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టి చూడండి. కిక్ గట్టిపడితే రింగులు అరిగాయి. గట్టిపడకపోతే వాల్వులో, గాస్కెట్టో.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సూపర్ కన్నా 100కే రెండు వేలు ఎక్కువ పెట్టడం మంచిది. ఏది చూసినా చల్లటి ఇంజన్‌తో బేరం ముగించొద్దు. పావుగంట తిప్పి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని దగ్గర్లోని వంతెన ఎక్కించి చూశాకే డబ్బు లెక్కపెట్టండి.