ముదురు తీగల మస్కాదే, షాబ్లీ: ఏది తెరవాలి?

రెండూ ఫ్రాన్స్ తెల్ల వైన్లే. రెండింట్లోనూ తీపి ఉండదు. నాలుక అంచుల్ని చురుక్కుమనిపించే పులుపు, తడిసిన రాయిని తలపించే వాసన ఉంటాయి. అయినా నా ఓటు ముదురు తీగల మస్కాదేకే.

షాబ్లీని షార్డొనే ద్రాక్షతో చేస్తారు. అది పుట్టే షాబ్లీ ఊరి చుట్టూ ఉన్న కిమ్మెరిడ్జియన్ (జురాసిక్ కాలం నాటి) సున్నపు నేలలో చిట్టి ఆయిస్టర్ల, అంటే ఒక రకం సముద్రపు గుల్లల, శిలాజాలు కనిపిస్తాయి. పేరున్న వైన్, ధరా అందుకు తగ్గట్టే. అందులో అన్నిటికన్నా పై తరగతి అయిన గ్రాన్ క్రూ అయితే మరీను.

మస్కాదే పుట్టేది నాంత్ నగరం చుట్టుపక్కల, ల్వార్ నది సముద్రంలో కలిసే వైపు. ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్యు. 1709 నాటి భయంకరమైన చలికి తోటలు పోయాక, చలికి ఓర్చుకుంటుందని దీన్ని విరివిగా నాటారు. సొంతంగా పెద్ద పరిమళం లేని ద్రాక్ష ఇది. అందుకే రసం పులిశాక అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి మీదే నెలల తరబడి ఉంచుతారు. దీన్నే సూర్ లీ అంటారు. మస్కాదే ప్రాంతంలోనే పేరున్న ఊళ్లు, గ్రానైట్ నేలల క్లిసోన్, గాబ్రో అనే నల్లరాతి నేలల గోర్జ్ వైన్లకైతే కనీసం 24 నెలలు. అలాంటి గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే ముందు నిమ్మతొక్క, వెనకాలే పులిసిన బ్రెడ్ పిండి. గుటక దిగాక పెదవుల మీద సన్నని ఉప్పదనం. నాకు ప్రాణం అదే.

ముదురు తీగలకు కాపు తగ్గుతుంది, రుచి చిక్కబడుతుంది. కానీ సీసా మీది ‘వియ్ వీన్యు’ (ముదురు తీగలు) అన్న మాటకు ఫ్రెంచి చట్టంలో ఇన్నేళ్లన్న లెక్క లేదు. తీగల వయసు విడిగా అడిగి తెలుసుకోండి.

వెన్న సాస్ పోసిన చేపకు షాబ్లీ తీయండి. పచ్చి ఆయిస్టర్లకు మాత్రం మస్కాదే. ఫ్రిజ్‌లోంచి తీశాక పది నిమిషాలు ఆగి పోయండి, మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది.