ఉన్న ఉద్యోగమా, కొత్త కంపెనీయా: మనశ్శాంతికి ఏది మేలు?

"జీతం పెంచి ఇస్తామంటున్నారు, మారిపోమంటారా?" మా విశాఖలో గాజువాక వైపు వాళ్లూ, మధురవాడ వైపు వాళ్లూ ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్నారు. నోటీసు పీరియడ్, పీఎఫ్ బదిలీ సంగతులు అందరికీ తెలిసినవే. మారాక మనిషి హాయిగా ఉంటాడా అన్నదే నేను చూసేది.

ఉన్నచోట ఉంటే పని చేతికి అలవాటై ఉంటుంది, సెలవు ఎవరినడగాలో తెలుసు. పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) రావాలంటే ఐదేళ్లు నిండాలి కాబట్టి, నాలుగో ఏడు దాటినవాళ్లు తొందరపడకూడదు. కానీ ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలయ్యే ఉద్యోగాన్ని గ్రాట్యుటీ కోసం ఈడ్చడం నాకు నచ్చదు.

మారితే వచ్చే సంతోషం నిజమే. అయితే అమెరికాలో మేనేజర్లను గమనించి బాస్‌వెల్, మరో ఇద్దరు పరిశోధకులు 2005లో తేల్చిందేమిటంటే, కొత్తలో పెరిగిన తృప్తి తర్వాత మళ్లీ తగ్గుతుంది. పెరిగిన జీతం కూడా కొన్నాళ్లకు మామూలైపోతుంది.

ఎన్నాళ్లయినా అలవాటు కానిది రోజువారీ ప్రయాణం. నా దృష్టిలో అసలు తేల్చేది ఇదే. మా తోడల్లుడు గాజువాకలో ఉంటూ రుషికొండలో ఉద్యోగానికి చేరాడు. దాదాపు 30 కిలోమీటర్లు, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక జంక్షన్లు దాటుకుంటూ బండి మీద. ఇంటికొచ్చి హెల్మెట్ తీసేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది; హోంవర్క్ పుస్తకం టీవీ పక్కన తెరిచే ఉండేది, నాన్న సంతకం కోసం. చివరికి ఆఫీసుకు దగ్గర్లో, ఎండాడలో ఇల్లు అద్దెకు తీసుకున్నాకే మనిషి కుదుటపడ్డాడు. జర్మనీ కుటుంబాల లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు ఫ్రై, స్టుట్జర్ కూడా ఇదే చెప్పారు: ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతోంది, జీతమో చవక ఇల్లో దాన్ని పూర్తిగా పూడ్చడం లేదు.

పరవాడలోని ఫార్మా కంపెనీల వైపు మారేవాళ్లు దూరంతోపాటు షిఫ్టులూ చూసుకోవాలి. నైట్ షిఫ్టు పడితే పగటి నిద్ర ఇంట్లో కుదురుతుందా అన్నది ముందే ఆలోచించాలి.

హైదరాబాద్ సంగతా? పెళ్లి కాని కుర్రాళ్లయితే వెళ్లొచ్చు. ఇల్లూ పిల్లలూ ఇక్కడే ఉంచి, వారం వారం గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ల కోసం పాట్లు పడే జీవితం నేనెవరికీ చెప్పను.

ఇల్లు చేరే వేళ మారకపోతే ఊళ్లోనే కంపెనీ మారడం వైపే నా మొగ్గు. ఆఫర్‌కి సరేననే ముందు ఒక సోమవారం పొద్దున అదే టైముకి ఆ దారిన వెళ్లి రండి. కంపెనీ బస్సుంటే సాయంత్రం మీ స్టాపులో ఎన్నింటికి దింపుతుందో అందులో వచ్చేవాళ్లనే అడగండి, హెచ్ఆర్‌ను కాదు.