పాటలు రికార్డు చేసే లాప్‌టాప్‌లో డెబియన్: రెండున్నరేళ్ళు వాడాక

2023 జులైలో నా రికార్డింగ్ లాప్‌టాప్‌లో డెబియన్ 12 వేశాను. డెబియన్ అంటే విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టం, లినక్స్‌లో ఒక రకం. 2025లో దసరా పాటల పని పూర్తయ్యాక డెబియన్ 13కి మారాను. ఈ రెండున్నరేళ్ళలో ఆ మెషీన్ మీద నలభైకి పైగా పాటలు, రెండు హరికథలు, బోలెడన్ని సంగీత పాఠాలు రికార్డు చేశాను. లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న థింక్‌ప్యాడ్ టి480. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. మైకులు పెట్టుకోవడానికి ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే బయటి సౌండ్ కార్డు. రాజమండ్రిలో మా మేడ మీది గదే స్టూడియో.

మొదట డెబియన్‌కి మారడానికి కారణం మా పెద్దమ్మ పాట. అప్పటికి ఆవిడకు ఎనభై రెండేళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ అత్త దగ్గర నేర్చుకున్న మంగళహారతి పాడతానంది. మే నెల ఎండ. ఫ్యాన్ శబ్దం మైకులో పడుతుందని ఆపేసి, తలుపులు మూసి కూర్చున్నాం. మూడో చరణంలో 'టక్'మని శబ్దం పడింది. తర్వాత చూస్తే సరిగ్గా ఆ నిమిషంలోనే సిస్టం వెనకాల ఏదో అప్‌డేట్ దింపుకుంటోంది. ఇంకోసారి పాడమంటే ఆయాసం వచ్చి పాడలేకపోయింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. నాకు తెలిసిన ఒక రచయిత రాసిన పాట, ఇంకా బయటికి రానిది, గైడ్ ట్రాక్‌గా నా లాప్‌టాప్‌లో ఉండేది. కీబోర్డు పాడైతే లాప్‌టాప్‌ని రిపేరుకిచ్చాను. రెండు వారాల తర్వాత ఆ పాట ఎవరిదో వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని ఆయన ఫోన్ చేశారు. ఎక్కడి నుంచి పోయిందో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ డిస్కుకి తాళం లేదు, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి షాపులో ఇచ్చింది నేనే. ఆ రోజు ఆయనకు నేను సమాధానం చెప్పలేకపోయాను. నా దగ్గర పాడేవాళ్ళ గొంతు, రాసేవాళ్ళ మాట నా దగ్గర దాచుకున్న సొమ్ము లాంటివి. అప్పటి నుంచి నాకు కంప్యూటర్ విషయంలో ఒకటే పట్టింపు: నేను చెప్పని పని అది చేయకూడదు. సౌండు బాగుండాలన్నా, గుట్టు బయటికి పోకూడదన్నా కావలసింది అదే.

డెబియనే ఎందుకంటే, ఇన్‌స్టాల్ అయిపోయాక అది తన పాటికి తను నిశ్శబ్దంగా ఉంటుంది. ఏ ప్రోగ్రాములు వాడుతున్నారో లెక్క పంపమంటారా అని మొదట్లో ఒకసారి అడుగుతుంది. అక్కడ వద్దు అనే జవాబే ముందుగా ఉంటుంది. ఆన్‌లైన్ అకౌంట్ అడగదు. పాత వెర్షన్లలో వైఫై డ్రైవర్లు విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది, 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌లోనే వస్తున్నాయి. సంగీతం, వీడియో లాంటి పనుల కోసం చేసిన ఉబుంటు స్టూడియో అనే ఇంకో లినక్స్ కూడా ఒక నెల వాడాను. కొత్తవాళ్ళకు అదే సులువు, అన్నీ పెట్టి ఇస్తారు. నాకు మాత్రం ఏది ఎందుకు ఉందో తెలిసి ఉండాలి, అందుకే ఖాళీ ఇంట్లో సామాను సర్దుకున్నట్టు ఒక్కొక్కటీ నేనే పెట్టుకున్నాను.

ముందు సౌండ్ సంగతి. అందరూ మొదట అడిగేది లాటెన్సీ. మైకులోకి వెళ్ళిన గొంతు కంప్యూటర్ దాటి హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసరికి ఎంత ఆలస్యం అవుతోంది అని. సౌండుని కంప్యూటర్ ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది, ఆ ముక్కే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ళ దగ్గర 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.67 మిల్లీసెకన్లు, 256 అంటే 5.33. రానూ పోనూ, సౌండ్ కార్డులో పట్టే టైమూ కలిపితే ఇంతకు కొన్ని రెట్లు అవుతుంది. సౌండ్ కార్డు అవుట్‌పుట్‌ని వైరుతో దాని ఇన్‌పుట్‌కే కలిపి, నేను రికార్డింగ్‌కి వాడే ఆర్డర్ (Ardour) అనే ప్రోగ్రాంలో కొలిస్తే, 128 దగ్గర నాకు సుమారు 12 మిల్లీసెకన్లు వచ్చింది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే మృదంగానికి నాలుగు మీటర్ల దూరంలో కూర్చుని పాడుతున్నట్టు లెక్క. కచేరీలో అంత దూరం ఇబ్బందే కాదు. కానీ హెడ్‌ఫోన్‌లో తన గొంతే తనకు అంత ఆలస్యంగా వినిపిస్తే గాయకులకు గమకం దగ్గర తడబాటు వస్తుంది.

ఇక్కడ నేను మూడు నెలలు వృథా చేశాను. బఫర్‌ని 64కి దించాలని, ఇంకా దించాలని రాత్రుళ్ళు కూర్చున్నాను. చివరికి తెలిసింది ఏమిటంటే, స్కార్లెట్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గాయకుడి గొంతు కంప్యూటర్‌తో సంబంధం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వెళ్తుంది, ఆలస్యమే ఉండదు. పాట రికార్డు చేసేటప్పుడు ఇప్పుడు 256 లోనే ఉంచుతున్నాను, ఒక్క క్లిక్కు, అంటే ఆ 'టక్' శబ్దం, కూడా పడదు. కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాయిద్యం వాయించేటప్పుడు మాత్రమే 128కి దించుతాను. మీరు గొంతు రికార్డు చేసేవాళ్ళయితే చిన్న నంబర్ల వెంట పడకండి. ఆ టైము మైకు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి పెట్టండి.

క్లిక్కులు ఎందుకు పడతాయో పట్టుకోవడం అసలు పని. పీడబ్ల్యూ-టాప్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. లినక్స్‌లో ప్రోగ్రాములకూ సౌండ్ కార్డుకూ మధ్య సౌండుని నడిపే పైప్‌వైర్ వాడేవాళ్ళకు, ఏ ప్రోగ్రాం ఎన్నిసార్లు టైముకి అందుకోలేకపోయిందో అంకెల్లో చూపిస్తుంది. దాన్ని తెరిచి పెట్టి ఒక్కొక్కటీ ఆపుతూ పోయాను. నా మెషీన్‌లో అన్నిటికంటే పెద్ద దోషి వైఫై. అది ఆపగానే క్లిక్కులు చాలావరకు పోయాయి. తర్వాతిది గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఫైళ్ళ జాబితా కట్టే సర్వీసు. కొత్తగా రికార్డయిన ప్రతి ఫైలునీ అది తెరిచి చూస్తుంది. అది బయటికి ఏమీ పంపదు, కానీ సరిగ్గా రికార్డింగ్ నడుస్తున్నప్పుడే డిస్కు మీద పడుతుంది. పాటల ఫోల్డర్‌ని దాని జాబితా నుంచి తీసేశాను. అప్‌డేట్లు వాటంతట అవి దిగడం ఆపేశాను, ఆదివారం పొద్దున నేనే చేసుకుంటాను. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌లో పెట్టాను, లేకపోతే ప్రాసెసర్ మధ్యమధ్యలో వేగం తగ్గించుకుంటుంది.

మిగతావి ఒక్కసారి చేసి మర్చిపోయేవి. నా యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకి రియల్‌టైమ్ ప్రయారిటీ, అంటే సౌండు పని మిగతా పనులకంటే ముందు జరిగే హక్కు, ఇచ్చాను. సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నల్ స్టార్టయ్యే లైనులో, తొందర పనికి మిగతావి దారి వదిలేలా, ప్రీఎంప్ట్ ఫుల్ (preempt=full), థ్రెడ్ ఐఆర్‌క్యూస్ (threadirqs) అనే రెండు మాటలు చేర్చాను. డెబియన్‌లో ఇలా టైము తప్పకుండా పనిచేసేలా కట్టిన రియల్‌టైమ్ కెర్నల్ కూడా విడిగా దొరుకుతుంది. దాదాపు ఇరవై ఏళ్ళు అసలు లినక్స్ బయట నడిచిన ఆ పని 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లో కలిసింది. నేను రెండూ వాడి చూశాను. 256 బఫర్ దగ్గర నాకు తేడా తెలియలేదు, మామూలు కెర్నల్‌తోనే ఉండిపోయాను.

రికార్డింగ్ అప్పుడు ఆర్డర్‌ని పైప్‌వైర్ ద్వారా కాకుండా, సౌండ్ కార్డుతో సూటిగా మాట్లాడే ఆల్సాతో నడుపుతాను. అప్పుడు సౌండ్ కార్డు మొత్తం ఆర్డర్ చేతిలోనే ఉంటుంది. బ్రౌజర్ గానీ, ఇంకేదైనా ప్రోగ్రాం గానీ ఆ మైకుని అందుకోలేవు. నా పద్ధతి ఎంత చిన్నదంటే, రికార్డింగ్ మొదలు పెట్టేముందు ఒక బటన్ నొక్కుతాను. వైఫై, బ్లూటూత్ ఆగిపోతాయి, గవర్నర్ మారుతుంది, ఆర్డర్ తెరుచుకుంటుంది. అంతే. పాడేవాళ్ళకు ఆ బటన్ చూపించి, ఇప్పుడు ఈ గదికి ఇంటర్నెట్టే లేదండీ అని చెప్తాను. కొంతమంది అప్పుడు ఇంకొంచెం తేలిగ్గా కూర్చుంటారు.

ఇక తాళం సంగతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా మార్చే, ఆప్షన్ ఉంటుంది, దాన్నే ఎంచుకోండి. తర్వాత చేద్దామనుకుంటే చాలా తంటాలు పడాలి. దీనివల్ల రికార్డింగ్ నెమ్మదిస్తుందని చాలామంది భయం, నాకూ ఉండేది. లెక్క వేసి చూడండి: ఆర్డర్ 48 కిలోహెర్ట్జ్‌లో 32 బిట్ ఫ్లోట్‌తో ఒక ట్రాక్ రాస్తే సెకనుకు 192 కిలోబైట్లు. పదహారు ట్రాకులు కలిసినా 3 మెగాబైట్ల చిల్లర. ఈ ప్రాసెసర్ ఎన్‌క్రిప్షన్ పనిని సెకనుకు వందల మెగాబైట్ల పైన చేస్తుంది, ఆ పనికి అందులో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది. రెండున్నరేళ్ళలో తాళం వల్ల ఒక్క టేక్ కూడా పోలేదు.

పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని ఆరు తెలుగు మాటలు పెట్టుకున్నాను, ఇంగ్లిష్ అక్షరాల్లో. తాళం తీసే స్క్రీన్ దగ్గర తెలుగు కీబోర్డ్ ఉండదని ముందే గుర్తుంచుకోండి. ఇంకో ముఖ్యమైన విషయం: డిస్కు మొదట్లో ఉండే చిన్న హెడర్ భాగం పాడైతే పాస్‌వర్డ్ తెలిసినా ఏమీ తెరుచుకోదు. దాని కాపీ మొదటి రోజే వేరే చోట దాచాలి. నేను ఆరు నెలలు దాచలేదు, ఆ ఆరు నెలల్లో ఒకసారి కరెంటు పోయి లాప్‌టాప్ ఆన్ కాకుండా మొరాయించినప్పుడు పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు. ఊరెళ్ళేటప్పుడు మూత వేసి సంచిలో పెట్టకండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. మూత వేస్తే తాళంచెవి మెమరీలోనే ఉండిపోతుంది.

బ్యాకప్ బోర్గ్ అనే ప్రోగ్రాంతో. ప్రతి రాత్రీ బయటి డిస్కుకి, అదీ ఎన్‌క్రిప్ట్ అయ్యే.

మైకు గురించి ఒక అపోహ చూశాను. ప్రోగ్రాములను మిగతా సిస్టం నుంచి విడిగా ఉంచే ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో వేసుకున్నవి పెట్టెలో బంధించినట్టే కదా, మైకు వినలేవు అనుకుంటారు. వాటికి పల్స్ ఆడియో అనే సౌండు అనుమతి ఇస్తే స్పీకరుతో పాటు మైకు కూడా ఇచ్చినట్టే, రెండూ ఒకే తలుపు. అందుకే లాప్‌టాప్ లోపలి మైకుని బయోస్‌లోనే, అంటే సిస్టం మొదలవకముందే వచ్చే సెట్టింగుల్లోనే, ఆపేశాను. స్కార్లెట్ వైరు పని అయ్యాక పీకేస్తాను.

అమెరికాలోని పిల్లలకు తెల్లవారుజామున ఆన్‌లైన్ పాఠాలు చెప్తాను. దానికి వేరే యూజర్ అకౌంట్ పెట్టాను. ఆ అకౌంట్లో బ్రౌజర్, తంబుర, తెలుగు టైపింగ్ తప్ప ఏమీ ఉండవు, పాటల ఫోల్డర్ దానికి కనిపించదు. పాఠాలు చెప్పేవాళ్ళు కాల్‌లో నాయిస్ సప్రెషన్ తప్పకుండా ఆపండి. ఆగకుండా మోగే తంబురని అది ఫ్యాన్ శబ్దం అనుకుని తుడిచేస్తుంది. అవతలి పిల్లకి శ్రుతి వినిపించకపోతే ఐదు శ్రుతిలో మొదలుపెట్టి ఎక్కడో తేలుతుంది, పాపం తప్పు తనది అనుకుంటుంది.

పూర్తయిన పాట పంపేటప్పుడు ఫైలు లోపల ఏముందో కూడా చూసుకోవాలి. బ్రాడ్‌కాస్ట్ వేవ్ అనే రకం ఆడియో ఫైళ్ళలో రికార్డు చేసిన తేదీ, టైము, ఏ ప్రోగ్రాంతో చేశామో ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో చూస్తే అన్నీ కనిపిస్తాయి. గాయకుల పేర్లు ఫైలు పేరులో పెట్టడం మానేశాను.

ఇక లోటు. మన వాయిద్యాల శాంపిల్ లైబ్రరీలు, నాదస్వరం, వీణ లాంటివి, చాలావరకు కాంటాక్ట్ (Kontakt) అనే ప్రోగ్రాం కోసం చేసినవే. అది లినక్స్‌కి లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్, యాబ్రిడ్జ్ పెట్టి, రికార్డింగ్ ప్రోగ్రాంకి తగిలించుకునే విండోస్ ప్లగిన్లు కొన్ని నడిపాను. నడిచినన్నాళ్ళు బాగానే నడిచాయి, వైన్ కొత్త వెర్షన్ రాగానే రెండు ఆగిపోయాయి. లైసెన్స్‌ని ఆన్‌లైన్‌లో మాటిమాటికీ సరిచూసే ప్లగిన్లను పూర్తిగా వదిలేశాను. రికార్డింగ్ అప్పుడు నెట్ ఆపేసే నా పద్ధతికి అవి ఎలాగూ సరిపడవు. సినిమా పనికి, పెద్ద ఆర్కెస్ట్రా కట్టాల్సిన వాళ్ళకు ఈ లోటు చిన్నది కాదు, వాళ్ళను మారమని నేను చెప్పను. గాత్రం, మృదంగం, వయొలిన్, హార్మోనియం మైకుతో పట్టుకునే నాలాంటి వాళ్ళకు ఆర్డర్, సౌండు దిద్దుకోవడానికి ఎల్‌ఎస్‌పీ ప్లగిన్లు, సింథసైజర్‌గా సర్జ్ ఎక్స్‌టీ చాలు. వేరే స్టూడియోకి పంపాల్సి వస్తే అన్ని ట్రాకులూ సున్నా దగ్గర నుంచి విడివిడి వేవ్ ఫైళ్ళుగా ఇస్తాను. ఎవరూ తిప్పి పంపలేదు.

12 నుంచి 13కి మారడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. పని నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ మారకండి. ఆర్డర్ 7.3 నుంచి 8.12కి వచ్చింది, పాత సెషన్లన్నీ తెరుచుకున్నాయి.

ఇంత తాళం వేశాక నాకు పట్టుకున్న దిగులు వేరే. నాకేమైనా అయితే ఇందులోని గొంతులన్నీ ఇంట్లోవాళ్ళకు కూడా అందకుండా పోతాయి. ఎన్‌క్రిప్షన్‌లో రెండో పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. అది పెట్టి, ఏం చేయాలో తెలుగులో వరసగా రాసి, కవరులో బీరువాలో పెట్టాను. రాసినంత మాత్రాన సరిపోదని, సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయిని ఆ కాగితం చూసి తనంతట తనే తెరవమన్నాను. నేను పక్కన నిలబడ్డాను, ఏమీ చెప్పలేదు. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది, అక్కడ నేను రాసింది అర్థం కాలేదట, దాన్ని దిద్దాను. తర్వాత తెరుచుకుంది. ఫోల్డర్లలో వెతికి పెద్దమ్మ హారతి పెట్టింది. పెద్దమ్మ పోయి ఏడాది దాటింది. మూడో చరణంలో ఆ 'టక్' అలాగే ఉంది. తీసేయడానికి పనిముట్లు ఉన్నాయి కదా నాన్నా అంది. నకలు మీద ప్రయత్నిస్తున్నాను, అసలు ఫైలుని ముట్టుకోలేదు.